ఘని సాహెబూ నేరేడు బీరూ

మదనపల్లెలో గనుల దొర బంగళాకు ఎవరు విందుకు పోయి వచ్చినా, మర్నాడు చాకిరేవులో అందరికీ తెలిసిపోయేది. వాళ్ల చొక్కాల మీద ఊదారంగు మరకలుండేవి. ఎంత ఉతికినా వదిలేవి కావు.

అవి నేరేడు బీరు మరకలు. కోలారు గనుల్లో కొలువు మానేసి, చల్లగా ఉంటుందని మదనపల్లె చేరిన ముసలి దొరకు ఆ బీరంటే ప్రాణం. తనే కాచేవాడు. పీపాలో నేరేడు పండ్లు వేసి పులియబెట్టి, సీసాల్లో పోసి, బిరడాలు బిగించి పురికొసతో కట్టించేవాడు. ఆ తర్వాత చీకటి గదిలో రెండు మూడేళ్లు మాగాల్సిందే. పాతబడేకొద్దీ పులుపెక్కేది, పులుపెక్కేకొద్దీ దొర మురిసిపోయేవాడు. కాకపోతే తీసేటప్పుడు ఆ సీసా ఎవరి మాటా వినేది కాదు. బిరడా కదిలిందో లేదో, సగం బల్లగుడ్డ మీదికీ మిగతాది అతిథుల ఒళ్లోకీ పొంగేది.

తీసేవాడు బట్లరు ఘని. పుంగనూరు బజారులో గోలీసోడా అంగడి పెట్టుకున్న బాబు సాహెబ్ కొడుకు. మీసాలు రాకముందే సోడా మిషను తిప్పినవాడు, గ్యాసు చప్పుడు వింటూ పెరిగినవాడు. అన్నదమ్ములు ఎక్కువై అంగడి చాలక బంగళా కొలువుకు వచ్చాడు. బంగళా వెనక ఒంటి గదిలో భార్య షంషున్నీసాతో, ఇద్దరు ఆడపిల్లలతో కాపురం. బీరు చుక్క నోట పెట్టి ఎరగడు. అయినా విందు జరిగిన ప్రతిసారీ తడిసి ముద్దయి గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చేది.

"చొక్కా ఆ దడి మీద వేసి, నీళ్లు పోసుకుని లోపలికి రావాల," అనేది షంషున్నీసా.

"నేను తాగలేదు కదా."

"మనిషి తాగలేదు, చొక్కా తాగింది. చొక్కాకు నమాజు లేదు, మనిషికి ఉండాది."

దొర తనకు తెలిసినవన్నీ చెప్పి చూశాడు. సీసాను ఏటవాలుగా పట్టుకోమన్నాడు. మూతి మీద తడిగుడ్డ కప్పమన్నాడు. బిరడా తీసీ తీయగానే కూజాలోకి వంచేయమన్నాడు. ఘని అన్నీ చేశాడు. పొంగు కొంచెం తగ్గిన మాట నిజమే గానీ, దొరసాని బల్లగుడ్డలకు మాత్రం గండం తప్పలేదు.

యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం దొర ఇంగ్లండు సీమకు వెళ్లిపోవాలని తీర్మానించుకున్నాడు. బంగళా అమ్మేశాడు. కొన్న షావుకారుకు బట్లరుతో పనిలేదు. కుప్పంలో మామిడి తోటలున్న ఒక దొర దగ్గర ముసలి బట్లరు పని మానేశాడనీ, ఆ దొర శనివారం రాత్రి భోజనానికి వస్తున్నాడనీ ముసలి దొర ఘనిని పిలిచి చెప్పాడు. ఆ మనిషికి బల్ల దగ్గర శుభ్రం ముఖ్యం. ఆ రాత్రి నేరేడు బీరు సరిగ్గా తీస్తే కుప్పంలో కొలువు, ఉండటానికి ఇల్లు. పొంగి ఆయన మీద పడితే తాను ఎంత చెప్పినా లాభం లేదని దొర ఉన్నమాట చెప్పేశాడు.

షంషున్నీసా బియ్యం చెరుగుతూనే ఆ మాట విన్నది.

"కొలువు పోతే పుంగనూరేనా?" అంది.

"ఇంక యాడికి పోతాం?"

"మీ వదిన పొయ్యి పక్కన నా పొయ్యి పెట్టనీదు. పోయిన పండక్కి నా గిన్నె తీసి వాకిట్లో పెట్టింది. నేనూ పిల్లలూ ఆడికి రాము. ఇప్పుడే చెప్పేస్తాండా."

శుక్రవారం నమాజు ముగించుకుని ఘని పుంగనూరు బస్సెక్కాడు. బాబు సాహెబ్ అంగట్లో సీసాలు కడుగుతున్నాడు. కొడుకు చెప్పినదంతా విని తల కూడా ఎత్తలేదు.

"సోడా ఎగజిమ్మేది ఎప్పుడురా?"

"ఎండలో పెట్టినప్పుడు. బండిలో కుదిపినప్పుడు."

"మీ దొర సీసాలు ఎండలో ఉండాయా?"

"చీకటి గదిలో ఉండాయి అబ్బా. వాటిని ఎవురూ ముట్టుకోరు."

"ముట్టుకోని సీసాకి అంత కోపం యాల వస్తుంది? ఎవురో కదుపుతాండారు బేటా. ఈడ నన్ను అడిగేది కాదు, ఆడ పోయి సూడు."

మరునాడు మధ్యాహ్నం ఘని చెప్పులు విడిచి చప్పుడు కాకుండా చీకటి గదికి పోయాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చెంగమ్మ ఉంది. బైరెడ్డిపల్లె రైతు ఇంటి ఆడమనిషి. మొగుడు పోయాక బంగళాకు వచ్చి, కొట్టుగది తాళాలు, పప్పులు, ఊరగాయలు అన్నీ తన చేతుల్లో పెట్టుకున్న పెద్దావిడ. ఆమె ఒక బీరు సీసాను తలకిందులు చేసి, చంటిబిడ్డను ఆడించినట్టు రెండు చేతులా ఊపుతోంది.

ఘని తలుపు పూర్తిగా తోశాడు.

"అమ్మా, ఏం చేస్తాండావు?"

"కలుపుతాండా. సూడప్పా, అడుగున ఎంత మడ్డి పేరుకుండాదో. సారమంతా దాంట్లోనే ఉండాది. నువ్వు కదపకుండా పైపైన తేట పోసి పెడతాండావు."

"ఎన్నాళ్లనుంచి కలుపుతాండావు?"

"నువ్వు కొలువులో చేరినప్పటినుంచి. పడుచోడివి, నీకేం తెలుస్తుందిలే అని విందు ఉన్న పొద్దు నేనే వచ్చి సూసుకుంటాండా. మా ఊర్లో అంబలైనా మజ్జిగైనా కుండ కలిపి పోస్తాం. తేట పోస్తే వచ్చినోడికి మర్యాద తప్పినట్టే. మా తమ్ముడి పెండ్లిలో వియ్యంకుడి అన్నకి తేట మజ్జిగ పోసినారని ఆయన విస్తరి ముందునుంచి లేచిపోయినాడు. మళ్లీ పిలవాలంటే మూడూళ్ల పెద్దమనుషులు పోవాల్సి వచ్చింది."

"ఈ పొద్దు ఎన్ని కలిపినావమ్మా?"

"అన్నీ. కుప్పం దొర వస్తాండాడంటివే. ఇంకొంచెం గట్టిగానే కలిపినా."

ఘని అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. మడ్డి మళ్లీ అడుక్కి చేరాలంటే సీసాలు రెండు మూడు రోజులు కదలకుండా నిలబడాలి. భోజనానికి ఉన్నది ఒక్క పూట. చెంగమ్మను తిడితే ఆ మడ్డి దిగుతుందా. ఆమెతోనే నాలుగు బుట్టలు తెప్పించాడు. అడుగున తడి గోనెపట్ట వేసి, సీసాలు పసిపిల్లల్ని నిలబెట్టినట్టు నిలబెట్టి, గ్యాసు చల్లబడి అణగాలని తాళ్లతో బావిలోకి దించాడు. మెడ దాకా నీళ్లలో మునగాలి, బావి గోడకు తగలకూడదు. దించుతున్నంతసేపూ చెంగమ్మ గట్టు మీదనుంచి సణుగుతూనే ఉంది.

"అంత ఇది చేస్తే పైకి తేటే కదప్పా వచ్చేది."

"తేటే రావాలమ్మా. ఈ పొద్దు నాకు తేటే కావాల."

దీపాలు పెట్టే వేళకు బుట్టలు పైకి లాగాడు. సీసాలు మంచులా ఉన్నాయి గానీ లోపల ఇంకా మసకగానే ఉంది. అలా తీస్తే పొంగుతాయి, సందేహం లేదు. గ్యాసు ముందే కొంచెం పోగొట్టాలి. గోనెసంచులు కుట్టే దబ్బనానికి నూనె రాసి, బిరడాలోకి ఏటవాలుగా దించాడు. మొన అవతల తేలిందో లేదో, సన్నగా బుస్సుమంది. ఊదా నురుగు కంత దగ్గర బుడగ కట్టింది. దబ్బనం లాగేసి వేలు అడ్డం పెట్టాడు. బుడగ చల్లారాక వేలు తీశాడు. మళ్లీ బుస్సు. మళ్లీ వేలు. మొదటి సీసాకు భయం కొద్దీ చప్పుడు పూర్తిగా ఆగేదాకా వేలు తీసి ఉంచాడు. ఆ తర్వాత వాటికి, సోడా అంగట్లో మంచి సీసా గోలీ నొక్కినప్పుడు వినబడేంత చప్పుడు మిగిలి ఉండగానే కంతను కొవ్వొత్తి మైనంతో మూసేశాడు.

భోజనాల బల్ల దగ్గర దొరసాని తన కుర్చీని ఒక మూర వెనక్కి జరుపుకుంది. కుప్పం దొర బట్టతల మనిషి, మెడకింద తెల్ల గుడ్డ దోపుకుని కూర్చున్నాడు. ఘని మొదటి సీసా వంచి పట్టుకుని పురికొస కోసి బిరడా తీశాడు. చప్పుడే లేదు. చుక్క కూడా పొంగలేదు. దొరసాని కుర్చీ ముందుకు జరుపుకుంది.

కానీ గ్లాసులోకి పోస్తుంటే ఒక్క బుడగైనా లేవలేదు. చింతపండు పులుసు పోసినట్టు పడింది. రుచి చూడకుండానే ఘనికి సంగతి తెలిసిపోయింది. ఊరుకుంటే సరిపోయేది. పొంగకపోవడమే కదా పందెం. కుప్పం దొర గ్లాసు ఎత్తబోయాడు.

"అది వద్దు దొరా," అన్నాడు ఘని. "దాంట్లో గ్యాసంతా నేనే పోగొట్టినా. చప్పబడి ఉంటుంది. ఇంకోటి తెస్తాను."

ఆ గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. రెండో సీసా తెచ్చాడు. పురికొస కోసి బిరడా తీశాడు. బుస్సుమంటూ నురుగు మెడ దాకా, మూతి దాకా పాకింది. దొరసాని కళ్లు మూసుకుంది. నురుగు అంచు మీద ఒక్క క్షణం నిలిచి, మెల్లగా లోపలికి దిగిపోయింది. ఘని కిందికి చేరిన మసక కదలకుండా నెమ్మదిగా పోశాడు. గ్లాసు పైన గులాబీ రంగు నురుగు, కింద మాణిక్యంలా బీరు. ముసలి దొర రెండు గుక్కలు తాగి గ్లాసు దీపానికి ఎదురుగా పెట్టి చూసుకున్నాడు.

ఇన్నేళ్లూ పొంగి ఇవాళ ఎందుకు పొంగలేదని ఆయన అడిగాడు. ఘని నోరు తెరిచే లోపలే తలుపు వారన ఉన్న చెంగమ్మ ముందుకు వచ్చింది.

"నేను కలుపుతాంటి దొరా. తేట పోస్తే మర్యాద కాదని. ఈయప్ప వద్దంటే ఈ పొద్దు వాటిని నిలబెట్టినాం. రుచి తగ్గి ఉంటే నన్ను అడగొద్దు."

దొరకు తెలుగు బాగానే వచ్చు. ఆమె మాటలు కుప్పం దొరకు ఇంగ్లీషులో చెప్పాడు. దొరసాని బల్లగుడ్డ అంచును చేత్తో సవరించింది. పాడైపోయిన బల్లగుడ్డలు మనసులో మెదిలాయేమో. కుప్పం దొర భోజనం ముగించి, వరండాలో చుట్ట వెలిగించుకుని ఘనిని పిలిచాడు. తనకు ఆ బీరు అక్కర్లేదనీ, తాను తాగేది విస్కీ అనీ, కానీ చెడిన సీసాను చెడిందని చెప్పే బట్లరు తనకు కావాలనీ అన్నాడు. వచ్చే నెల రమ్మన్నాడు.

చెంగమ్మనూ రమ్మని ఘని అడిగాడు. "కుప్పం నాకు యాలప్పా, బైరెడ్డిపల్లెలో తమ్ముడుండాడు," అని ఆమె మూట కట్టుకుంది.

కుప్పంలో ఘనికి ఇచ్చిన ఇల్లు రైలు కట్ట పక్కన. రెండు గదులు, ఒక పొయ్యి. మద్రాసు మెయిలు పోయినప్పుడల్లా అటక మీద గిన్నెలన్నీ గలగలమనేవి. షంషున్నీసా ఊదా మరకల పాత చొక్కా చించి, గిన్నెకూ గిన్నెకూ మధ్య ఒక్కో పేలిక పెట్టింది.