రామాంజనేయులు ఫస్ట్ క్లాసన్న తుపాకి

షెఫీల్డ్ తెలుగు ఇళ్లలో మిక్సీ తిరిగినా, కుక్కర్ కూత పెట్టినా దాని వెనక రామాంజనేయులు మాట ఒకటి ఉండేది. ఆయన ‘ఫస్ట్ క్లాస్’ అంటే కొనేవారు, పెదవి విరిస్తే దుకాణం మెట్లు దిగేసేవారు. ఆ మాటకు అంత విలువ ఊరికే రాలేదు. కళ్యాణదుర్గం పక్కన ఒకే పంతులున్న బడిలో చదివి, తాలూకా పోటీల్లో ఈటె విసిరి, కలెక్టరు చేతుల మీదుగా స్టీలు బిందె అందుకున్న మనిషి. ఆయన వడిసెల తిప్పితే వేరుశనగ చేలో అడవిపందులు తోక ముడిచేవి. నర్సు ఉద్యోగానికి వచ్చిన భార్య నాగేశ్వరి వెంట ఈ దేశం చేరి, మంచు కురిసే కొండదారుల్లో రిటైరయ్యేదాకా బస్సు నడిపి ఒక్క గీత పడనివ్వలేదు. కౌన్సిల్ ఇచ్చిన తోటముక్కలో బీరకాయలు కాయించి దొరసానుల చేత వేపుడు తినిపించాడు. ఇవన్నీ ఆయనే చెబుతాడు. అడగకపోయినా చెబుతాడు.

మోకాళ్లకు నడక మంచిదని జీపీ డాక్టరు చెబితే, ఉత్త నడక నామోషీ అనిపించి ఎయిర్‌సాఫ్ట్‌లో చేరాడు. అడవిలో రెండు జట్లు బొమ్మ తుపాకులతో ప్లాస్టిక్ గోళీలు కాల్చుకునే ఆట అది. అక్కడి తెలుగు కుర్రాళ్లకు ఆయనే పెద్ద దిక్కు.

నవంబరులో ఒక సాయంత్రం లీడ్స్ నుంచి సాఫ్ట్‌వేర్ చక్రి పొడవాటి పెట్టె మోసుకొచ్చాడు. అందులో చవకరకం గ్యాస్ తుపాకి ఉంది. కొత్తవాళ్లు కొనేది కాబట్టి చట్టం ప్రకారం సగానికి పైగా కళ్లు చెదిరే నీలం రంగు పూసి ఉంది.

“అంకుల్, మా బ్యాచ్ అంతా ఇదే తీసుకుందామని చూస్తున్నామండి. మీరు ఓకే అంటే ఆర్డర్ పెట్టేస్తాం.”

“ఇట్లియ్యి సూద్దాం.”

ముందుగదిలో రేడియేటర్ భగభగమంటోంది. సోఫా పక్కన ఉతికిన దుప్పట్ల బుట్ట ఉంది. రామాంజనేయులు కళ్లద్దాలు పెట్టుకుని, తుపాకి మ్యాగజైన్‌లో గోళీలు, గ్యాస్ నింపి, బుట్టకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టపా! గోళీ దుప్పట్లలోకి దూరింది. గ్యాస్ విసురుకు తుపాకి వెనక్కి తన్ని ఆయన భుజాన్ని ఒక్క గుద్దు గుద్దింది. ముసలాయన ముఖం మతాబులా వెలిగిపోయింది.

“ఏమయ్యా, అయి డాక్టరు గారి దుప్పట్లు! పోయినసారి మనింట్లో మరిసిపోయినారని ఉతికిపెట్టినా,” అని వంటింట్లోంచి నాగేశ్వరి అరిచింది.

“ఇంగా మంచిదే! విద్యాసాగర్‌కు వాతలు ముందే పడ్నాయి.”

మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా కాల్చి, ఆయన ఫోను అందుకుని వాట్సాప్ గ్రూపులో గొంతు వినిపించాడు. స్టీలు బిందెతో మొదలుపెట్టి, బస్సు మీదుగా వచ్చి, “తుపాకి ఫస్ట్ క్లాస్. కండ్లు మూసుకోని కొనుక్కోండి,” అని ముగించాడు.

వెంటనే డాక్టర్ విద్యాసాగర్ జవాబొచ్చింది. ఆయన పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరు. ఖరీదైన బ్యాటరీ తుపాకి ఉన్నవాడు, అది ఉందని అందరికీ తెలియాలనుకునేవాడు.

“అంకుల్, ఆదివారం అడవిలో చూద్దామండి. మధ్యాహ్నం దాకా నిలబడితే నేనూ ఒకటి కొంటాను. పడుకుందా, ఇకమీదట మీరు దేనికీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. సరేనా?”

గ్రూపంతా నవ్వుల బొమ్మలు పెట్టింది. రామాంజనేయులు మాత్రం నవ్వలేదు. “సరే,” అన్నాడు.

ఆదివారం అడవి ఐసుపెట్టెలా ఉంది. చెట్ల మొదళ్లలో నూగుమంచు, నోరు తెరిస్తే పొగ. మొదటి దెబ్బ టపామంది. రెండోది టప్పుమంది. ఆ తర్వాత తుపాకి ‘పుస్స్’మని నిట్టూర్చి, గోళీని ఆయన బూటు మీదే జారవిడిచింది.

చాటుకోసం పెట్టిన పీపా వెనకనుంచి విద్యాసాగర్ గొంతు వచ్చింది. “అంకుల్, దానికి జలుబు చేసిందండి. జీపీ అపాయింట్‌మెంట్ తీసుకోండి!”

“నోరు మూసుకోని కాల్చు సామీ!”

డాక్టరు కాల్చాడు. గోళీ రామాంజనేయులు పొట్టకు తగిలింది. ఈ ఆటలో ఎవరికి తగిలిందో చూసే అంపైరు ఉండడు. తగిలినవాడే చెయ్యెత్తి ‘హిట్’ అని అరిచి బయటికి నడవాలి. ఆయన చెయ్యెత్తి, అరిచి, నడిచాడు. నడుస్తుంటే మ్యాగజైన్ చేతికి మంచుగడ్డలా తగిలింది. అప్పుడు వెలిగింది. గ్యాస్‌కు వెచ్చదనం కావాలి, తాను పరీక్ష పెట్టింది రేడియేటర్ పక్కన!

విరామంలో బల్ల దగ్గర నాగేశ్వరి ఇడ్లీల హాట్‌ప్యాక్ తెరిచింది. ఆమె చట్నీ కోసం అటు తిరగగానే ఆయన ఇడ్లీలను మూత మీదికి తోసి, మ్యాగజైన్లను లోపలి వేడిలో పడేసి, పైన ప్లేటు బోర్లించాడు.

“ఏం చేస్తాండావయ్యా?”

“కాపడం పెడతాండా.”

కాపడం ఎక్కువైంది. బుస్స్‌మంటూ హాట్‌ప్యాక్ పాములా బుసకొట్టింది, ప్లేటు గాల్లోకి లేచింది, తెల్లటి ఆవిరి కమ్మింది. ఆట నడిపించే మార్షల్ దొర నేలమీద పడ్డాడు. విద్యాసాగర్ నోట్లో ఇడ్లీతోనే బల్ల కిందికి దూరాడు. ఎవరికీ ఏమీ కాలేదు, సాంబారుకు తప్ప.

“రోగుల్ని పండబెట్టేటోడివి, నువ్వే పండుకుంటివే డాక్టరూ!” అన్నాడు రామాంజనేయులు. నవ్వులు చల్లారాక మార్షల్ ఆయనకు గట్టిగానే అక్షింతలు వేశాడు. ఆ తర్వాత చక్రి మెల్లగా అడిగాడు.

“అంకుల్, మరి ఆర్డర్... పెట్టమంటారా?”

బల్లచుట్టూ అందరూ ఆయన వంకే చూశారు. చలి మీదికి నెట్టేయొచ్చు, గ్యాస్ కల్తీదనొచ్చు. నాలుక కొస దాకా స్టీలు బిందె వచ్చింది కూడా. ఆయన దాన్ని మింగేసి, నిటారుగా నిలబడి, చెయ్యి పైకెత్తాడు.

“హిట్,” అన్నాడు.

విద్యాసాగర్ చేతిలోని ఇడ్లీ కింద పెట్టాడు.

“రూములో సూసి అడవికి సర్టిఫికెట్ ఇస్తి. తప్పు నాదే. ఎండాకాలంలో ఇది పులి. ఇప్పుడు కొనొద్దండి నాయనా. డాక్టరూ, నీ మాటే నెగ్గింది. ఇంగ నేను దేనికీ చెప్పను.”

నాగేశ్వరి ఇడ్లీల మూత ఆయన ముందుకు జరిపింది. పెళ్లయినప్పటినుంచి ఆయన నోట తప్పు నాదే అనే మాట వినని మనిషి, రెండు ఇడ్లీలు ఎక్కువే వడ్డించింది.

సాయంత్రం కారు పార్కింగులో విద్యాసాగర్ గొంతు సవరించుకుంటూ దగ్గరికొచ్చాడు.

“అంకుల్... లీడ్స్‌లో సెకండ్ హ్యాండ్ కారు ఒకటి చూశానండి. మీరొకసారి వచ్చి చూస్తే...”

“చెప్పకూడదంటివే?”

“అదేదో సరదాకి అన్నానండి. చలి, గ్యాస్ అని సాకులు చెబుతారనుకున్నా. మీరు చెప్పలేదు.”

రామాంజనేయులు మంకీక్యాప్ సర్దుకుని, గడ్డం పైకెత్తాడు.

“కారు యాడుండాది?”

“వాళ్ల గరాజ్‌లో.”

“రాత్రంతా బయట మంచులో పెట్టమను. తెల్లారి వస్తా.”