అన్ని రైఫిళ్ళకూ పట్టే ఇత్తడి

తూటా పేల్చాక మిగిలేది ఇత్తడి తొడుగు ఒక్కటే. మేం దాన్ని బ్రాస్ అంటాం. చిన్న సీసా ఆకారంలో ఉంటుంది. పైన సన్నటి మెడ, దాని కింద భుజం, ఆ కింద ఒళ్ళు. పేలిన క్షణంలో అది ఉబ్బి, ఆ రైఫిల్లో తూటా కూర్చునే గూటి కొలతకు, అంటే చాంబర్ కొలతకు వచ్చేస్తుంది. మళ్ళీ నింపి వాడుకోవాలంటే ప్రెస్సుకు డై అనే ఉక్కు అచ్చు బిగించి, బ్రాసును అందులోకి నెట్టి, భుజాన్ని కాస్త వెనక్కి కుదించాలి. ఎంత అంటే, మన నోటుపుస్తకం కాగితం మందంలో సగం. అంతకు తక్కువైతే చాంబర్‌కు వెనక తలుపులాంటి బోల్టు మూసుకోదు. ఎక్కువైతే హాయిగా మూసుకుంటుంది, కానీ చాంబర్లో మిగిలిన ఖాళీని బ్రాస్ సాగి నింపుకోవాలి. ప్రతిసారీ అట్లా సాగితే అడుగుకు కొంచెం పైన, లోపలివైపు, పల్చబడుతుంది. పైకి చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది.

ఇది నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. పోలీసు శాఖలో ఆయుధాలు బాగుచేసే పనిలో చేరిన మొదటి నెలలోనే నేర్పారు. తెలియక చేసిన తప్పయితే ఇంత వివరంగా రాయవలసిన పని ఉండేది కాదు.

రిటైరయ్యాక ఖమ్మంలో ఒక రైఫిల్ క్లబ్బులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలూ తూటాలూ చూసుకొనే పనిలో చేరాను. ముదిగొండ వైపు, రాయి తీసి వదిలేసిన గ్రానైటు క్వారీలో మా రేంజ్. మూడు వైపులా నిలువు రాయి, నాలుగో వైపు మేము. తూటాలు మళ్ళీ నింపుకొనే లైసెన్సు క్లబ్బుది, దాని మీద బాధ్యుడి సంతకం నాది.

క్లబ్బు సెక్రటరీకి గ్రానైటు వ్యాపారం. నాకన్నా పదేళ్ళు చిన్న. ఆయన సొంత రైఫిల్ చాంబర్ చాలా బిగుతు. నేను చేరిన కొత్తలో ఒక ఆదివారం బయటివాళ్ళు చూడటానికి వచ్చారు. ఆయన పడుకొని గురి చూసుకున్నాడు గానీ, నేను నింపిన తూటా మీద బోల్టు మూసుకోలేదు. రెండోదీ అంతే. ఆయన తల తిప్పి, “ఏందన్నా, ముప్పై ఏళ్ళు సర్కారుకు గిట్లనే చేసి పెట్టినవా?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం, బ్రాస్ భుజం ఇంకా వెనక్కి పోయేలా డైని ఒక చుట్టులో ఎనిమిదో వంతు కిందికి తిప్పి, అది కదలకుండా లాక్ రింగు బిగించాను. ఆ తరవాత మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. ఆదివారం అయిపోయాక అందరి బ్రాసూ ఒకే బకెట్లో పోసేవాడిని. అన్నిటికీ ఒకటే కొలత. ఏ తూటా తీసి ఏ రైఫిల్లో పెట్టినా జారుకుంటూ పోయేది. “అన్న చేతి బ్రాస్ ఎందులనైనా పడతది” అని సభ్యులు అనుకునేవాళ్ళు. ఆ మాట కోసమే వెర్నియర్ స్కేలు పెట్టి కొలవడం మానేశాను. నా చేతికి తెలుసు అనుకున్నాను.

మా దగ్గర కాల్చడానికి వచ్చేవాళ్ళలో ఒకామె అటవీ శాఖలో బీట్ ఆఫీసర్. ఊరు భద్రాచలం దాటాక, దుమ్ముగూడెం వైపు లోపలికి. కోయ కుటుంబం. శాఖ ఆటల పోటీల్లో గురి బాగుందని ఎవరో చెబితే మా క్లబ్బుకు వచ్చింది. నెలకు రెండు ఆదివారాలు మొదటి బస్సెక్కి వచ్చేది. క్లబ్బు రైఫిళ్ళలో ఒకటి ఆమెకు కేటాయించాం. దాని చాంబర్ కాస్త పొడుగు. అది తప్పేమీ కాదు, ఉండవలసిన హద్దుల్లోనే ఉంది. నా బ్రాస్ మాత్రం ఆ పొడుగుకు చేసింది కాదు.

ఒకరోజు తను పేల్చినవాటిని ఏరి, ఒక గుడ్డసంచిలో వేసుకొని నా దగ్గరికి వచ్చింది.

“సార్, ఇవి వేరే పెట్టుండ్రి. నా రైఫిల్‌కు సరిపోయేటట్టు చెయ్యండి.”

“ఎందుకు?”

“ఇగో, అడుగు పైన చుట్టూ గీతలాగ మెరుస్తున్నది. మొన్నటివాటికి లేదు.”

చూశాను. ఉంది. బెంచీ దగ్గర ఇంకో నలుగురున్నారు. “నువ్వు అడవిల చెట్లు లెక్కపెట్టుకో తల్లీ. ఇత్తడి సంగతి నాకు వదిలెయ్” అన్నాను. నలుగురూ నవ్వారు. ఆమె సంచి బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయింది. నేను సంచి విప్పి బకెట్లో గుమ్మరించాను.

రాష్ట్ర జట్టు సెలెక్షన్‌కు మూడు వారాలుందనగా అది జరిగింది. పొద్దున ప్రాక్టీసు. ఆమె పడుకొని కాలుస్తోంది, నేను వెనకాల నిలబడ్డాను. ఒక షాట్ మోత తేడాగా వచ్చింది. బోల్టు పక్కల నుంచి బూడిదరంగు పొగ వెనక్కి చిమ్మింది. ఆమె రైఫిల్‌ను క్వారీ వైపే ఉంచి, చెయ్యి ఎత్తి, “ఆపండి” అంది. అప్పటిదాకా ముఖం ముట్టుకోలేదు. కుడి చెంప మీదా కనుబొమ మీదా మిరియపు పొడి చల్లినట్టు చుక్కలు, వాటిలో రెండు నెత్తురు కారుతున్నాయి. కళ్ళద్దాల కుడి గాజు మసకబారింది. అవి లేకపోతే కన్ను పోయేది.

బోల్టు నేనే తీశాను. గట్టిగా లాగితే వచ్చింది. దాంతోపాటు బయటికొచ్చింది బ్రాస్ అడుగు మాత్రమే. మిగతా సగం చాంబర్లో ఇరుక్కుపోయింది. అరచేతిలో పెట్టుకొని తెగిన అంచు చూశాను. లోపలివైపు సాగి సాగి పల్చబడి తెగిన అంచు. ఎందుకు తెగిందో ఆ క్షణమే నాకు అర్థమైంది.

సెక్రటరీ వచ్చాడు. “చాంబర్ల నూనె వదిలేసినవా అమ్మా? కిందటిసారి నువ్వే కద క్లీన్ చేసింది” అన్నాడు.

“తుడిచిన సార్. పొడిగుడ్డతోని రెండుసార్లు.”

ఆయన నా వైపు తిరిగాడు. “నూనె ఉంటే గిట్లయితది కదన్నా?”

“అవ్. గట్ల కూడా అయితది” అన్నాను.

అబద్ధం కాదు. నూనె ఉన్నా అట్లా అయ్యే వీలుంది. ఆ మాట అబద్ధం కాకపోవడమే నాకు దాక్కోవడానికి పనికొచ్చింది. క్లబ్బు నియమం ప్రకారం, నిర్లక్ష్యంతో ఆయుధం పాడుచేసిన షూటర్ కమిటీ తేల్చేదాకా కాల్చే లైను మీదికి రాకూడదు. కమిటీ కూర్చునేది నెల తరవాత. అప్పటికి సెలెక్షన్ అయిపోతుంది. ఈ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు. ఆమె నా వైపు ఒకసారి చూసి, ముఖం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి నడిచింది. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది.

ఇంట్లో నా భార్య కంచం చూసి, “ఎవలికన్న దెబ్బ తాకిందా?” అని అడిగింది.

“చిన్నది.”

“చిన్నదయితే అన్నం ఎందుకు పారేస్తున్నరు?”

లేచి చేతులు కడుక్కున్నాను.

మర్నాడు పొద్దున తాళం తీసి ఒక్కడినే క్లబ్బు గదిలో కూర్చున్నాను. సన్నటి ఇనుప తీగ తీసుకొని, కొసను సాన పట్టి, కొక్కెంలా వంచాను. ఒక్కో బ్రాసులోకి దించి, అడుగు నుంచి పైకి గీకుతూ లాగాను. మంచిదైతే తీగ నున్నగా వస్తుంది. లోపల గాడి పడితే కొస అక్కడ తగిలి ఆగుతుంది. మొదటిదాంట్లో ఆగింది. రెండోదాంట్లో ఆగింది. పది దాకా చూసి, చేతికి తెలిసింది చాలదని, ఒకదాన్ని వైసులో బిగించి నిలువునా కోశాను. అడుగు పైన గోడ సగానికి పైగా తినేసి ఉంది. ఆమె రైఫిల్లో పేలినదాన్ని, నేను కుదించినదాన్ని పక్కపక్కన కొలిచాను. అర కాగితం మందం ఉండాల్సిన తేడా రెండు కాగితాలు దాటింది. ఇన్నాళ్ళూ అదే బెంచీ మీద, చెయ్యి చాపితే అందేంత దూరంలో వెర్నియర్ ఉంది.

బకెట్ మొత్తం చూడటానికి మధ్యాహ్నమైంది. తీగ ఆగినవన్నీ సుత్తితో నలగ్గొట్టాను. ఇంకెవరూ వాటిని నింపలేరు. తరవాత కాగితం తీసుకొని జరిగింది రాశాను. డై ఎప్పుడు తిప్పాను, ఎందుకు తిప్పాను, ఆమె ఏం అడిగింది, నేను ఏమన్నాను. “గట్ల కూడా అయితది” అన్న మాటా రాశాను.

సెక్రటరీ ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్లు నడుస్తున్నాయి. ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు. కాగితం చదివాడు, కోసిన బ్రాస్ తిప్పి తిప్పి చూశాడు.

“ముందే రాసుకొని వచ్చినవా?”

“అవ్. ఇక్కడ కూసుంటే రాయనని నాకు తెల్సు.”

“అన్నా, ఇది ఇస్తే నీ సంతకం పోతది. లోడింగ్ పని ఆగుతది. ఆ పిల్ల వచ్చే ఏడు ఆడుకుంటది. నూనె అనే ఉండనీ. ఎవలకు నష్టం?”

“ఆమెకు.”

కోసిన బ్రాస్ మళ్ళీ చేతిలోకి తీసుకొని, “నా రైఫిల్ కోసమే కద నువ్వు తిప్పింది” అన్నాడు.

“రైఫిల్ నీదే. తిప్పింది నా చెయ్యి. కొలవనిది నేను.”

ఆయన కాగితం సొరుగులో పెట్టలేదు, బల్ల మీదే ఉంచాడు. “కమిటీని ఈ వారమే పిలుస్త, పో” అన్నాడు. ఆయన్ని చూసి నేను అంతకాలం భయపడ్డాను. భయపడాల్సినంత మనిషి కాదని ఆరోజు తెలిసింది. ఆ భయం కూడా నేను పెంచుకున్నదే.

ఇంకో పని మిగిలింది. అది ఫోన్లో చెప్పడానికి మనసొప్పలేదు. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా బస్సులో వెళ్ళి, గోదావరి వంతెన దాటి దిగి, షేర్ ఆటోలో ఆమె పనిచేసే అటవీ చెక్‌పోస్టుకు చేరాను. ఆమె ఫోన్లో వాళ్ళమ్మతో కోయలో మాట్లాడుతోంది. నన్ను చూసి మాట ఆపలేదు. పూర్తిచేసుకొనే వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ జరిపింది. చెంప మీద చుక్కలు నల్లబడ్డాయి.

“తప్పు నాది బిడ్డా. నూనె కాదు. బ్రాస్ నేనే ఎక్కువ కుదించిన” అన్నాను.

“నాకు తెలుసు సార్.”

“తెలిస్తే అక్కడనే ఎందుకు అనలేదు?”

“అంతకు ముందే అన్న కద. చెట్లు లెక్కపెట్టుకొమ్మన్నరు.” ఒక లారీ వచ్చి ఆగింది. ఆమె లేచి వెళ్ళి, కలప పర్మిట్ చూసి, గేటు ఎత్తించి వచ్చింది. “ఇవి ఏందని మా అమ్మ అడిగింది. కొమ్మ గీసుకున్నదని చెప్పిన. మిమ్మల్ని కాపాడుదామని కాదు. తెలిస్తే మళ్ళ తుపాకి ముట్టనియ్యది.”

“కమిటీకి రాసి ఇచ్చిన. నీ మీద ఏం ఉండది.”

“మంచిది. మరి సెలెక్షన్‌ల ఏం కాల్చాలె? మీ బకెట్ల ఉన్నవా?”

“అవి నలగ్గొట్టిన.”

మొదటిసారి ఆమె నన్ను నిదానంగా చూసింది. “అయితే కొత్తవి కావాలె. నా రైఫిల్‌ల ఒకసారి పేల్చినంక, దానికే చెయ్యాలె. నేను పక్కన కూసుంట. ఒక్కొక్కటి నేనే కొలుస్త.”

“అట్లనే.”

“మీకు కోపం వస్తది సార్.”

“రానియ్” అన్నాను.

కమిటీ ఆమె మీద పెట్టిన తప్పు తీసేసింది. నా సంతకమూ తీసేసింది. కొత్త ఆర్మరర్ దొరికేదాకా బాధ్యత సెక్రటరీ తన పేరు మీద పెట్టుకున్నాడు. పని నేను చెయ్యొచ్చు, కానీ షూటర్ కొలిచి ఒప్పుకోనిదే ఏ బ్రాసూ నింపకూడదు. ఆ షరతు పెట్టమని నా కాగితంలో నేనే అడిగాను.

ఆమె రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి, నేను ఇరుక్కున్న ముక్క తీసేసిన తన రైఫిల్లో కొత్త తూటాలు ఒకసారి పేల్చింది. లాక్ రింగు వదులు చేసి, డైని పైకి తిప్పి, మొదటి నుంచి మొదలుపెట్టాను. వేలి కొసతో జిడ్డు రాయడం, ప్రెస్సులో పెట్టడం, పిడి కిందికి లాగడం, తీసి తుడవడం, ఆమె చేతికి ఇవ్వడం. ఆమె కొలిచి తల అడ్డంగా ఊపేది. వెంట్రుకంత కిందికి తిప్పి మళ్ళీ ఇంకొకటి. అయిదోదానికి తల నిలువుగా ఊపింది. రింగు బిగించాను. అక్కడితో ఆమె ఆగలేదు. తరవాతివన్నీ ఒక్కొక్కటే కొలిచింది.

“ఇది వద్దు.”

“బాగనే ఉన్నది కద.”

“మీకు బాగనే ఉంటది సార్. మొఖం నాది.”

పటకారుతో నొక్కి పక్కన పడేశాను. మధ్యాహ్నానికి నా భుజం లాగేసింది. నిజమే, కోపం వచ్చింది. రెండుసార్లు వచ్చింది. ఎప్పుడూ నోటికొచ్చే మాట ఒకటి పెదాల దాకా వచ్చింది కూడా. మింగి, తరవాతి బ్రాస్ తీసుకున్నాను. ఎవరో చెప్పారని కాదు. ఆ మాట అంటే ఆమె లేచిపోతుందని, లేచిపోతే మళ్ళీ నా చేతి గొప్ప ఒక్కటే మిగులుతుందని తెలుసు. సాయంత్రం సెక్రటరీ తొంగిచూసి, “నా రైఫిల్‌వి ఎప్పుడు?” అన్నాడు. “డై మళ్ళ సెట్ చెయ్యాలె. నువ్వు కూడ వచ్చి కొలుచుకోవాలె” అన్నాను. వెళ్ళిపోయాడు. మరుసటి వారం వచ్చి కూర్చున్నాడు.

సెలెక్షన్ హైదరాబాదులో. సంతకం లేదు గనుక లోపలి లైను దాకా నన్ను రానివ్వలేదు, తీగ కంచె బయట నిలబడి చూశాను. ఆమె తూటాల పెట్టె తెరిచింది. మొదటి షాట్ పేలింది. బోల్టు మెత్తగా తెరుచుకుంది, బ్రాస్ పూర్తిగా బయటికి వచ్చింది. రెండోదీ, మూడోదీ. చివరిదాకా అట్లాగే వచ్చాయి. మధ్యలో గాలి మారింది. ఆమె దాన్ని ఆలస్యంగా పట్టుకుంది.

జట్టుకు ముగ్గురు, ఒక రిజర్వ్. ఆమెది నాలుగో స్థానం.

బయటికి వచ్చి, రైఫిల్ పెట్టె నేల మీద ఆనించి, “రిజర్వ్ అంటే బెంచి మీద కూసునుడే కద సార్?” అంది.

“అవ్.”

“ఎవలికన్న జరం వస్తే లేవాలె. అంటే రోజూ కాల్చాలె.”

బస్టాండు దాకా నడుస్తూ, గాలి మారినప్పుడు ఏ షాట్ ఎటు పోయిందో, తను ఎక్కడ తొందరపడిందో చెప్పడం మొదలుపెట్టింది. నాకు తెలిసిన విషయాలు చాలా ఉన్నాయి అందులో. మధ్యలో మాట్లాడలేదు. బస్సు వచ్చేదాకా విన్నాను.