ఆకులో పెట్టిన మూర

మా మేనత్త చెంగమ్మ గుడియాత్తం మార్కెట్లో మల్లెపూలు అమ్ముతుంది. ఆమె కుడి చెయ్యి పుట్టుకతోనే మోచేతి కింద ఆగిపోయింది. దారం కాలి బొటనవేలికి చుట్టుకుని ఎడమ చేత్తోనే చకచకా కట్టేస్తుంది. కానీ పూలు ఎవరి చేతికీ ఇవ్వదు. ఎడమ చేత్తో ఇచ్చినవి దేవుడికెలా పెడతామని ఎవరైనా అనకముందే, మూర తెంపి అరిటాకు ముక్కలో పెడుతుంది. కొనేవాళ్లు ఆకులోంచి తీసుకుంటారు.

మనుషులంటే ఆమెకు అనుమానం. అది ఊరికే రాలేదు. నేను పుట్టకముందు ఎవడో ఆ చేతిని ఫోటో తీసుకుపోయి చందాల కాగితం మీద అచ్చేశాడు. అప్పటినుంచి ఇంట్లో కూడా దానిమీద కొంగు తీయదు.

లత్తేరి నుంచి మేనక అనే ఆమె, పూలు కొనేవాళ్ల దగ్గర నంబరు తీసుకుని, నా ఫోన్‌కు మాటలు రికార్డు చేసి పంపింది. పుట్టుకతో ఇలాంటి చెయ్యే ఉన్నవాళ్లు ఏడుగురు, ఆదివారం వేలూరులో తన చెల్లెలింట్లో కలుస్తున్నారట.

"అంతా అబద్ధం. నా మాదిరి చెయ్యి ఇంకొకటి యాడుండాది దినకరూ?" అంది అత్త. మళ్లీ పెట్టమని నాలుగుసార్లు వింది.

యాభై రెండేళ్లలో అలాంటి చెయ్యి ఒక్కటీ చూడలేదామె. చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. పైకి చెప్తే కదా.

ఆదివారం వేలూరు బస్సులో నన్నూ వదల్లేదు. "వాళ్లు నీకేం చెప్పి ఒప్పించినారు నాయనా?" అని దారంతా గుచ్చిగుచ్చి అడిగింది.

ఆ ఇంటికి మిగతావాళ్లకంటే మేమే ముందు చేరాం. అత్త తన చెప్పులు కనబడేలా తలుపు పక్కనే కూర్చుంది. ఎదురుగా మేనక. ఆమె కూడా కొంగు కప్పుకునే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు పోలీసుల్లా చూసుకున్నారు.

"ముందు నువ్వు చూపించమ్మా," అంది అత్త.

"నీది పుట్టినప్పట్నుంచేనా అక్కా? మిషన్లో తెగింది కాదు కదా?"

"ఆ మాట నేనడగాల. కొసన ఏముండాదో చెప్పు."

మేనక కాసేపు అత్త మొహంలోకి చూసి కొంగు తీసింది. చేతి కొసన శనగ గింజలంత బొడిపెలు అయిదు. వేళ్లు కావలసినవి అక్కడే నిలిచిపోయాయి.

అత్త వెళ్లి ఒక్కొక్కటీ తాకి చూసింది. తర్వాత తన కొంగూ తీసింది. నన్ను ఎత్తుకుని పెంచిన అత్త చేతి కొస నేను చూడటం అదే మొదటిసారి. అక్కడా అయిదే.

అత్త సంచి విప్పింది. మల్లెలు ఒక మూర తెంపి, ఆకులో పెట్టి, ఆకును నేలమీద ఉంచి వెనక్కి జరిగింది.

"మా ఇంటికొచ్చినోళ్లకి పసుపు కుంకుమ నేనూ ఇట్లే పళ్లెంలో పెట్టి జరుగుతానక్కా," అంది మేనక. ఎడమ చెయ్యి చాపింది. "చేతికే ఇయ్యి."

అత్త ఆకులోంచి మూర తీసింది. రెండు ఎడమ చేతుల మధ్య ఆ పూలు చాలాసేపు అలాగే ఉండిపోయాయి. ఒకరి చేతికిచ్చి వదిలేయడం మా అత్తకు అలవాటు లేదు.