అక్క చేతులు కనిపించిన రోజు

మా అక్కకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. చిన్నప్పటి నుంచి మేమిద్దరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. పెళ్లయి ఆమె కడపకు వెళ్లింది, ఉద్యోగం వచ్చి నేను నందికొట్కూరుకు వచ్చాను. ఇంటింటికీ ఫోన్లు వచ్చినా మాకు వాటితో పని లేకపోయింది. నేను ఫోన్ చేస్తే బావ ఎత్తి, "మీ అక్క బాగుండాది లేమ్మా" అనేవాడు. అక్క సంగతులన్నీ ఆ ఒక్క మాటతో సరి.

అందుకే ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ రాగానే వెబ్‌క్యామ్ కొన్నాను. అక్కడ బావ కూడా ఒకటి కొన్నాడు. కాల్ కలిసింది. నా బొమ్మ వాళ్లకు వెళ్లింది గానీ, వాళ్ల బొమ్మ నాకు రాలేదు. తెర మీద నల్లటి చదరం.

"మీ అక్క నిన్ను చూసి ఏందేందో చెప్తాండాది. అంత బిరబిరా చేతులు ఆడిస్తే నాకేం తెలుస్తాదమ్మా?" అన్నాడు బావ.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

బజార్లో నెట్ సెంటర్ నడిపే సాయిబన్నను పిలుచుకొచ్చాను. ఆయన చూసి, "మీరు పంపేది పోతాండాదమ్మా. వచ్చేదాన్నే ఈ నెట్ డబ్బా, మీ రౌటర్, వాకిట్లో నిలబెడతాండాది" అన్నాడు. కంప్యూటర్లో రౌటర్ సెట్టింగుల పేజీకి వెళ్లి, పోర్ట్ ట్రిగ్గరింగ్ అనే చోటు తెరిచాడు. "ఈడ మీ కాల్ ప్రోగ్రాం వాడే వాకిళ్ల నంబర్లు ఇస్తే, మీరు కాల్ చేసినప్పుడు రౌటరే వాకిలి తెరుస్తాది. ఆపితే మూస్తాది."

ఏ నంబర్లో ఆయనకూ తెలీదు. ఆ కాల్ ప్రోగ్రాం సహాయం పేజీ వెతికి నేను చదువుతుంటే ఆయన టైపు చేశాడు. మొదటిసారి ఫలించలేదు. పేజీ మళ్లీ చదివితే, ఒక వరుస వదిలేశామని తెలిసింది. అదీ చేర్చి, రౌటర్ ఆపి మళ్లీ వేసి, బావకు మళ్లీ కాల్ చేశాం.

అక్క కనిపించింది. నాకు కనిపిస్తున్నానని తెలియక, ముక్కుపుడక సవరించుకుంటూ కూర్చుంది. 'కనిపిస్తున్నావు' అని చేత్తో చెప్పాను. ఒక్క ఉదుటున లేచి నిలబడింది.

బొమ్మ ఆగి ఆగి వస్తోంది. 'మెల్లగా' అన్నాను. పసిపిల్లకు చెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పింది: పన్ను పీకించుకుందట, పైవాటా ఆమెతో కొళాయి దగ్గర పోట్లాట అయిందట, బావ గురక గోడకు చెయ్యి ఆనిస్తే తెలుస్తుందట. 'బాగుండాది' అన్న మాట వెనక ఇన్ని ఉన్నాయా అని నవ్వాను, ఏడ్చాను.

సాయిబన్న వసారాలోకి వెళ్లి కూర్చున్నాడు. నేను పిలిస్తే మొహమాటంగా వచ్చి, కెమెరా ముందు నుదుటికి చెయ్యి ఆనించి సలాం చేశాడు. ఎవరని అక్క అడిగింది. 'ఈయనే నిన్ను చూపించాడు' అన్నాను. ఆమె రెండు చేతులూ జోడించి, చాలాసేపు దించలేదు.