మామ తిట్టిన బల్బు

మా అంబాదాస్ మామ దృష్టిలో లోకంలో ఏది సరిగా లేకపోయినా తప్పు చంద్రుడి మీదికి వెళ్లినవాళ్లదే. నల్లాలో నీళ్లు రాకపోయినా, చాయ్‌లో చక్కెర తగ్గినా, "చంద్రుని మీదికి పోయిన్రు గని..." అని మొదలుపెట్టేవాడు. ఆ మాట వినబడితే మా వాడకట్టు కొంతం చౌక్‌లో సగంమంది తలుపులేసుకునేవాళ్లు. నాకా వీలు లేదు. నాది బల్బుల దుకాణం, ఆయన అందరికన్నా ఎక్కువ తిట్టేది బల్బులనే.

"చంద్రుని మీదికి పోయిన్రు గని, వెలుగిచ్చే బల్బు చేయనీకి రాదు," అంటూ వారానికొకటి వాపసు తెచ్చేవాడు.

"అరవై తీసి వంద పెట్టిన కద మామా. ఇంక వెలుగు ఎక్కడికెల్లి తేవాలె?"

"మీ అత్తకు బీడీ ఆకు అంచు కనవడ్తలేదు."

ద్రౌపదత్త చుట్టే బీడీలు కార్ఖానా నుంచి సగం తిరిగొస్తున్నాయి. తన చూపు తగ్గుతోందేమోనని ఆమె అన్నప్పుడల్లా మామ బల్బు మీదికి లేచేవాడు. నా దుకాణం పరువు వాడకట్టులో అలాగే పోయింది.

ఎనభై నాలుగులో మనవాడొకడు అంతరిక్షంలోకి వెళ్లొచ్చాడు. మామ నేసే మగ్గాల యజమాని విఠల్ సేఠ్ ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి రాకెట్ బొమ్మతో గోడకు వేలాడదీసే వాల్ హ్యాంగింగ్ ఒకటి నేయమని మామకు పురమాయించాడు. మామ రెండు నెలలు నేశాడు. తీరా విప్పి చూస్తే గుడ్డ నిండా ఒళ్లో బీడీల చాటతో ద్రౌపదత్త, ఆమె తలమీద గుమ్మడికాయంత బల్బు.

"రాకెట్ ఏది?" అన్నాడు సేఠ్.

మామ పైమూల చూపించాడు. పచ్చిమిరపకాయంత ఉంది.

"గింతనా?"

"అది దూరం పోయింది కద సేఠ్. దగ్గరున్నోళ్లే పెద్దగ కనవడ్తరు."

సేఠ్ ఆ గుడ్డ ఆయన మీదికే విసిరి, రేపటినుంచి నా మగ్గం ముట్టొద్దన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బల్బు మార్చమని మామ పిలిస్తే వాళ్లింటికి వెళ్లాను. మామ స్టూలు కోసం పక్కింటికి పోయాడు. గోడకు కట్టిన ఆ గుడ్డను అత్త వేళ్లతో తడుముతోంది. ఇల్లంతా ఎండ.

"ఇంత ఎండల గూడ బల్బు సరిపోతలేదా అత్తా?"

"బల్బు మంచిదే బిడ్డా. నా కండ్లే పోతున్నయి. మందు లేదని దవాఖానల డాక్టర్ ఆయనతోటి మెల్లగ చెప్పిండు. నా చెవులకేమైంది, ఇన్న. నాకు భయమైతదని ఆయన బల్బును తిడ్తడు. నాకు ఎరుకైందంటే ఆయనకు భయమైతది. చెప్పకు."

ఏ రాకెట్టూ, నా దుకాణంలోని ఏ బల్బూ ఈమెకు పనికిరావని తెలిసింది. ఇన్నాళ్లూ ఆయన నోటి నుంచి వ్యాపారం కాపాడుకుందామని చూసినందుకు సిగ్గేసింది.

మామ స్టూలు తెచ్చాడు. నేను కొత్త బల్బు పెట్టి స్విచ్ వేశాను. ఆయన బల్బును చూడలేదు, అత్త ముఖమే చూశాడు. ఆమె చూపు బల్బుకు జానెడు పక్కన ఆగింది.

"చంద్రుని మీదికి పోయిన్రు గని," అంది అత్త మూతి తిప్పి, "ఇది గూడ ఏం బల్బయ్యా. వాపస్ చెయ్."

"ఇన్నవా?" అన్నాడు మామ నాతో, ప్రాణం లేచొచ్చినట్టు.

వెలుగుతున్న వంద వాట్ల బల్బును ఆర్పి, చేయి కాలుతున్నా విప్పి జేబులో వేసుకున్నాను. "రేపు మంచిది తెస్త మామా," అన్నాను.