పటిక వేసిన పెట్రోలు

మా నాన్నగారి స్కూటర్ ఆగిపోయింది సూర్యం గారు అమ్మిన పెట్రోలు వల్ల కాదు. ఈ మాట నేను ఇన్నేళ్లూ చెప్పలేదు. మొన్న మంగలి గడ్డం గీసి చెంపకు పటిక రుద్దితే, ఆ చల్లదనానికి అదంతా గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు అంబాజీపేటలో మా వీధి చివర సూర్యం గారి కిరాణా కొట్లో పెట్రోలు సీసాల్లో అమ్మేవారు. నాన్నగారు దాన్ని పాత పంచె గుడ్డలో వడగట్టి పోస్తూ, "నలకంత మట్టి వెళ్లినా బండి ఆగిపోతుందిరా" అనేవారు. కాలువ నీళ్ల బిందెలో నాయనమ్మ పటిక తిప్పితే మట్టంతా అడుక్కి దిగడం నేను రోజూ చూసేవాణ్ణి. ఆ తెలివితో పటిక దంచి, గుప్పెడు పొడి ట్యాంకులో పోశాను.

మర్నాడు స్కూటర్ కొబ్బరికాయల లారీకి అడ్డంగా ఆగిపోయింది. మెకానిక్ కార్బురేటర్ విప్పి, తెల్ల పొడి చూసి, "ఉప్పండి" అన్నాడు.

నాన్నగారు కొట్టుకెళ్లి, "పెట్రోలు కూడా ఊరేసేరేంటండీ సూర్యం గారూ?" అని నలుగురిలో అడిగారు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి సూర్యం గారు పెట్రోలు అమ్మడం మానేశారు.

మొన్న మంగలి షాపు నుంచి నేరుగా సూర్యం గారి కొట్టుకి వెళ్లి, "ఆ పొడి నేనే పోశానండి, పటిక. క్షమించండి" అన్నాను.

సూర్యం గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఆయ్. మా ఆవిడ ఉప్పు పోసే గరాటుతోనే సీసాల్లో పెట్రోలు పోసేసిందనుకున్నానండి ఇన్నాళ్లూ. ఆవిడతో గొడవైనప్పుడల్లా అదే ఎత్తేవాణ్ణి. లోపలుంది, మీరే చెప్పండి."

చెప్పులు విప్పి లోపలికి వెళ్లి చెప్పాను. ఆవిడ అంతా విని, "కాస్త గట్టిగా చెప్పండి బాబూ, కొట్లోకి వినపడాలి" అన్నారు.

గట్టిగా, మొదటినుంచీ చెప్పి, మళ్లీ క్షమాపణ అడిగాను.