సామేలన్న నేర్పిన ‘అట్టర్’

ఫోన్‌లో వేలితో ఒక్కో అక్షరం కొడుతున్నా. నాది ఊరి బడి చదువు. రాత ఎట్లాగూ బాగుండదు, తప్పులుంటే మన్నించండి.

నిన్న పొద్దున ఈ గ్రూపులో సామేలన్న బిడ్డ మేరీ పెట్టిన ఆయన ఫొటో చూశాను. బర్త్‌డే అనుకుని చప్పట్ల బొమ్మ పెట్టాను.

కింద ‘నాయిన ఇక లేరు’ అని రాసింది చదివి తీసేశాను.

ఎనభైల్లో బోధన్ పక్కన చెరుకు తూచే కాటా దగ్గర ఆయన టోకెన్లు రాసే క్లర్కు. మిషన్ బడిలో చదివాడు. మేము చెరుకు తెచ్చే బండ్లోళ్లం. లైన్లో రెండేసి రోజులు పడిగాపులు పడుతుంటే వచ్చి రోజుకో ఇంగ్లీషు మాట చెప్పేవాడు.

తూకం చూసే కాటా సారు ఊకె ‘అట్టర్ యూజ్‌లెస్’ అంటాడు, ఏందన్నా అది, అని ఒకరోజు అడిగాను.

“యూజ్‌లెస్ అంటే పనికిరానోడు. ముందట అట్టర్ పెట్టిండనుకో, ఇగ వాని దగ్గర పనికొచ్చేది ఎంటికంత గూడ లేదన్నట్టు. సినిమా అట్టర్ ఫ్లాప్ అంటరు సూడు, గట్ల.”

మావాళ్లకు ఇంగ్లీషు తిట్టు తిట్టులా వినపడేది కాదు. సారు తిడితే నవ్వి దండం పెట్టేవారు.

వారం తిరక్కముందే సారు మా బాపు చెరుకు కట్ట విసిరికొట్టాడు. ఎండిపోయిందట. బాపు వంగి ఏరుతుంటే బూటుకాలితో నడుము మీద తన్నాడు.

“అట్టర్ యూజ్‌లెస్ ఫెలో!”

బాపు మట్టిలోంచి లేచి నవ్వాడు. దండం పెట్టాడు.

నాకు అర్థం తెలుసు.

బండికి గుచ్చిన కర్ర పీకి సారు మూతి మీద కొట్టాను. పళ్లు రాలాయి. మళ్లీ కొట్టాను. చెవి చిరిగి రక్తం కారింది. పడిపోయినా కొట్టాను.

సామేలన్న ఉరికొచ్చి కర్ర గుంజుకున్నాడు.

పోలీసులు వచ్చేసరికి ఆ కర్ర ఆయన చేతిలోనే ఉంది. సారుకు సోయి లేదు.

“నేనే కొట్టిన సాబ్” అన్నాడు.

బండ్లోళ్లందరూ తలలు దించుకున్నారు. నేనూ.

స్టేషన్లో ఆయన కుడిచేతి వేళ్లు విరగ్గొట్టారు. మళ్లీ కలం పట్టలేదు. నౌకరీ పోయింది.

ఆయన జైలు నుంచి బయటికొచ్చాక పోయి కాళ్ల మీద పడ్డాను.

“లే. మాట నేర్పింది నేనే గదరా. నువ్వు లోపలికి పోతే మీ బాపు సస్తుండె. ఇగ నీకు ఇంగ్లీషు మాత్రం సెప్ప, తౌబ!” అని నవ్వాడు.

చచ్చేదాకా ఆయనను రౌడీ సామేలు అన్నారు. నేను ఒక్కనాడూ నోరు విప్పలేదు.

మేరీ బిడ్డా, మీ నాయిన ఎవరినీ కొట్టలేదు. కొట్టింది నేను. ఈ మాట అందరూ చదవాలనే ఇక్కడ పెడుతున్నా.

అన్నా, ప్రభువు దగ్గర ఏ నొప్పీ లేకుండా నిమ్మళంగా పండుకో.

రేపు సమాధి కాడ పిడికెడు మన్ను వెయ్యడానికి నేను రావచ్చా బిడ్డా? వద్దన్నా సరే, ఏమీ అనుకోను.

జల్దీ జవాబు పెట్టు.